ఖాళీ గడి స్వీకరించబడదు

19 ఏప్రిల్ 2021, సోమవారం

విషయం: సొంత పుస్తకంలో రాసుకొనుట ప్రారంభించడం గురించి.
రాయువారు: మహ్మద్ కరీం, సీనియర్ అసిస్టెంట్, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం.
చదువువారు: లేరు.

ఇరవై ఆరేళ్ల ఉద్యోగంలో ‘విషయం’ అని పెట్టకుండా ఒక్క కాగితం మొదలుపెట్టలేదు. ఈ వయసులో మానుకోలేను. ఈ పుస్తకం ప్రభుత్వ ఆస్తి కాదని, సొంత డబ్బుతో కొన్నదని, ఇందులో రాసినది సాయంత్రం ఐదింటిలోగా ఎవరికీ పంపనక్కర లేదని ఇందుమూలముగా ధ్రువీకరించుకుంటున్నాను.

పంపవలసినది వేరే ఉంది. మా కేంద్రం కింద పద్నాలుగు ఆవాసాలు. ఒక్కొక్క దానికి కంప్యూటర్ షీటులో ఒక వరుస, వరుసకు రెండు గడులు: నమోదైన కరోనా కేసులు, మరణాలు. పదమూడు ఊళ్లతో పేచీ లేదు. పద్నాలుగోది ఈతచెలమ పెంట. అమ్రాబాద్ అడవి లోపల, అటవీ శాఖ గేటు నుంచి పందొమ్మిది కిలోమీటర్ల బండి బాట చివర, నూట నలభై మంది చెంచులు ఉండే గూడెం; గూడేన్ని వాళ్లు పెంట అంటారు. అక్కడ ఇంతవరకు ఒక్కరికీ పరీక్ష జరగలేదు. జరగని పరీక్షకు ఫలితం ఏమి రాయాలో తెలియక గడిని ఖాళీగా వదిలాను. గడి ఎర్రబడింది. షీటు పైకి పోలేదు.

జిల్లా కేంద్రంలో లెక్కలు క్రోడీకరించే ప్రవీణ్ ఫోన్ చేశాడు.

“సార్, మీ ఒక్కరి తోటి జిల్లా మొత్తం ఆగింది. ఖాళీ పెట్టకుండ్రి, అది తీసుకోదు.”

“పరీక్షలే కాలేదు ప్రవీణ్. ఏం పెట్టాలె?”

“సున్నా కొట్టుండ్రి. సున్నాతోని ఎవలికి నష్టం?”

కొట్టాను. గడి పచ్చబడింది. జిల్లా ముందుకు కదిలింది.

20 ఏప్రిల్, మంగళవారం

సున్నా. రెండో రోజుకే వేలికి అలవాటైంది.

22 ఏప్రిల్, గురువారం

నాలుగింటికి గుర్వమ్మ ఫోన్. ఈతచెలమ పెంటకు ఆశా కార్యకర్త ఆమె. పదో తరగతి దాకా చదివిన మనిషి. నెలకొకసారి సమావేశానికి పొద్దుపొడవక ముందే బయలుదేరి గేటు దాకా నడిచి, అక్కడి నుంచి ఆటోలో వస్తుంది. సమావేశంలో కుర్చీలు సరిపోవు. ప్రతి నెలా సరిగ్గా ఆమె దగ్గరికి వచ్చేసరికే సరిపోవు. ఈ యాదృచ్ఛికతపై విచారణ జరపాలని ఎవరికీ తోచలేదు. నాకూ తోచలేదు.

పెంటలో సిగ్నల్ ఉండదు. రెండు మైళ్ల అవతల అటవీ శాఖ వారి కావలి మంచె ఎక్కితే దొరుకుతుంది. రోజూ ఎక్కి చెబుతానన్నది. ఇవాళ ఏడుగురికి జ్వరం, ఇద్దరికి వాసన తెలియడం లేదు.

పరీక్ష చేస్తే తప్ప కేసు అని రాయడానికి వీలు లేదని నిబంధన వివరించాను.

“చెయ్యుండ్రి మరి. ఎవలొద్దన్నరు?” అన్నది.

ఎవరూ వద్దనలేదు. కిట్లు లేవు, అంతే. సున్నా.

24 ఏప్రిల్, శనివారం

కిట్ల పంపిణీ ఉత్తర్వు వచ్చింది. ‘గడచిన వారంలో నమోదైన కేసుల నిష్పత్తిని అనుసరించి’ ఆవాసాలకు కిట్లు కేటాయించాలట.

రెండుసార్లు చదివి మూడోసారి కళ్లద్దాలు తుడుచుకొని చదివాను. కేసు నమోదు కావాలంటే కిట్టు ఉండాలి. కిట్టు రావాలంటే కేసు నమోదై ఉండాలి. నా సర్వీసులో ఇంత నిర్దోషమైన ఉత్తర్వును చూడలేదు. ఇందులో ఎవరి కులమూ లేదు, ఎవరి పేరూ లేదు, ఎవరి మీదా ద్వేషం లేదు. చెంచులకు ఇవ్వవద్దు అని ఎక్కడా అనలేదు. ఒక భాగాహారం మాత్రమే ఉంది. ఈతచెలమ పెంట వాటా సున్నా.

పదమూడు ఊళ్లకు కలిపి రోజుకు పాతిక కిట్లు. ఉదయం పదింటికల్లా అయిపోతున్నాయి. ముందు వరుసలో నిలబడగలిగేవారికి ముందు అందుతున్నాయి. ఇదీ సహజ న్యాయమే.

26 ఏప్రిల్, సోమవారం

గుర్వమ్మ లెక్క: పదకొండు. షీటులో: సున్నా.

“నేను చెప్పేది రాస్తున్నవా సారూ, వట్టిగ ఊకొడుతున్నవా?”

“రాస్తున్నమ్మా.”

అబద్ధం కాదు. ఈతచెలమ పెంట, 26 ఏప్రిల్, జ్వరాలు పదకొండు. ఇదిగో, రాశాను.

28 ఏప్రిల్, బుధవారం

విషయం: షీటులో ‘పరీక్ష జరగలేదు’ అను ఐచ్ఛికము చేర్చుటకై ప్రతిపాదన.

నాలుగుసార్లు తిరగరాశాను. మొదటి ప్రతిలో ‘అన్యాయం’ అనే మాట వచ్చింది, కొట్టేశాను. రెండో ప్రతిలో ‘ప్రాణాపాయం’, కొట్టేశాను. మూడో ప్రతిలో ‘అసౌకర్యం’. నాలుగో ప్రతిలో ఆ మాట కూడా లేదు. అది బాగుంది, అదే పంపాను.

29 ఏప్రిల్, గురువారం

ఇఫ్తార్ తర్వాత నా భార్య రబియా తమ్ముడు ఫహీం కొత్తకోట నుంచి ఫోన్ చేశాడు. గాజుల దుకాణంలో గిరాకీ మళ్లీ తగ్గిందట. నిరుడు ఈ రోజుల్లో అయితే దుకాణం ముందు ఆగడానికే ఎవరూ ఇష్టపడలేదు. ఎక్కడో ఎవరో ఏదో సమావేశానికి పోయివచ్చారని వార్త రాగానే మా వాళ్లందరికీ షీటులో ప్రత్యేకంగా ఒక గడి వెలిసింది. దానికోసం ఎవరూ ప్రతిపాదన పంపలేదు. నాలుగు ప్రతులు రాయలేదు. ఒక్క సాయంత్రంలో వెలిసింది. కొత్తకోట దాటి కాలు బయట పెట్టని ఫహీం ఇంటికి మూడు శాఖల వారు మూడుసార్లు వచ్చి ముక్కులో పుల్లలు పెట్టి పోయారు. అప్పుడు కిట్ల కొరత రాలేదు. ఆఫీసులో నా బల్లను గాలి వెలుతురు దృష్ట్యా వరండాలోకి మార్చారు. నా ఒక్కడి బల్లనే. ఇప్పటికీ అక్కడే ఉంది, నిజంగానే గాలి బాగా వస్తుంది.

మమ్మల్ని లెక్కపెట్టడంలో ఎక్కడా లోపం జరగలేదని మాత్రం నిష్పాక్షికంగా ఒప్పుకోవాలి. నిరుడు ఆ గడిని నింపినవాడిని నేనే.

30 ఏప్రిల్, శుక్రవారం

గుర్వమ్మ లెక్క: పద్నాలుగు. మాట మధ్యలో దగ్గుతున్నది. మంచె ఎక్కడం వల్ల ఆయాసం అన్నది. నమ్మాను. నమ్మడం సులువుగా ఉంది.

1 మే, శనివారం

ప్రతిపాదనకు జవాబు: ‘ప్రస్తుత నమూనాలో మార్పులు సాధ్యపడవు. తదుపరి నమూనా రూపకల్పన సమయంలో పరిశీలించబడును.’

దానితో పాటు ఇంకొక కాగితం. పన్నెండు రోజులుగా ఒక్క కేసూ లేని కారణంగా ఈతచెలమ పెంటను ఆదర్శ ఆవాసంగా గుర్తించారు. ఆశా కార్యకర్తకు ప్రశంసాపత్రం. పెంటవాసుల క్రమశిక్షణ గురించి ఒక పేరా ఉంది, సామాజిక దూరం పాటించారట. పందొమ్మిది కిలోమీటర్ల దూరాన్ని వారి ఖాతాలో వేశారు.

నాలుగింటికి గుర్వమ్మకు చెప్పాను. నవ్వింది. నవ్వు దగ్గుగా మారి చాలాసేపు ఆగలేదు. “ఆ కాయితం తోటి జరం తగ్గుతదా సారూ?” అని అడిగింది. ఇవాళ లెక్క చెప్పకుండానే ఫోన్ తెగిపోయింది.

2 మే, ఆదివారం

నాలుగు గంటలకు ఫోన్ రాలేదు. సున్నా.

3 మే, సోమవారం

ఫోన్ వచ్చింది, గొంతు వేరు. గుర్వమ్మ భర్త చెన్నయ్య. అడవిలో పులుల అడుగులు చూసి రాసే పనిలో ఉన్నాడు. గుర్వమ్మకు మూడు రోజులుగా జ్వరమట. నిన్నటి నుంచి మాట్లాడితే ఊపిరి ఆడడం లేదట. మూడు రోజులంటే శుక్రవారం నుంచి. అంటే పద్నాలుగు అని నాకు చెప్పిన నాడు ఆమె తనను కలుపుకోలేదు.

ఏఎన్‌ఎం భాగ్యశ్రీని పంపమని డాక్టరు గారిని అడిగాను. వారు వెంటనే ఒప్పుకున్నారు. కిట్లు మాత్రం లేవు.

ఒక్క కిట్టు పక్కన పెట్టి పంపలేరా అని రబియా అడిగింది. కిట్టుకు ఆధార్ నంబరు, ఊరి పేరు, కేటాయింపు సంఖ్య అన్నీ సరిపోవాలని, పైగా అది నా పరిధిలోని సరుకు కాదని చెప్పాను. ఆమె అన్నం వడ్డించి లోపలికి పోయింది.

4 మే, మంగళవారం

భాగ్యశ్రీ తన భర్త నడిపే మోటారు సైకిల్ మీద పోయి సాయంత్రానికి తిరిగి వచ్చింది. వేలికి పెట్టి చూసే ఆక్సిజన్ యంత్రం తీసుకుపోయింది.

“మిషిన్ తొంభై అయిదు చూపెట్టింది సార్. తొంభై నాలుగు కింద ఉంటెనే దవాఖానకు పంపాలన్నరు. కానీ మనిషిని చూస్తే నాకు తొంభై అయిదు లెక్క అనిపిస్తలేదు. పెదవులు నల్లగైనయి. కూసుంటె గూడ రొప్పుతాంది.”

డాక్టరు గారు యంత్రాన్ని తన వేలికి పెట్టి చూసుకున్నారు. తర్వాత మెల్లగా చెప్పారు. నల్లని చర్మం మీద ఈ యంత్రం ఉన్నదానికంటె ఎక్కువ చూపిస్తుందని ఈ మధ్య ఎక్కడో చదివారట. తయారు చేసినవారు తెల్లని వేళ్ల మీద సరిచూసుకున్నారట. మన మార్గదర్శకాల్లో మాత్రం ఆ సంగతి లేదు. తొంభై నాలుగు అంటే తొంభై నాలుగే.

యంత్రానికి దురుద్దేశం అంటగట్టలేము. షీటుకూ అంతే. ఈ వ్యవహారంలో ఇప్పటివరకు దురుద్దేశం ఉన్నవారు నాకొక్కరూ కనిపించలేదు.

5 మే, బుధవారం

నగరంలోని జంతుప్రదర్శనశాలలో సింహాలకు పరీక్షలు జరిపి కరోనా ఉన్నట్లు తేల్చారని పత్రికలో చదివాను. సింహాలు త్వరగా కోలుకోవాలని మనస్ఫూర్తిగా కోరుకుంటున్నాను. ముందుజాగ్రత్తగా మన అభయారణ్యం గేటు కూడా మూసేశారు. మనుషుల నుంచి పులులకు సోకకుండా. లోపలి మనుషుల ప్రస్తావన ఉత్తర్వులో లేదు.

అంబులెన్సు కోసం ఆరుసార్లు ఫోన్ చేశాను. పేషెంటు నంబరు అడుగుతున్నారు. నంబరు ఉన్నవారికే బండ్లు చాలడం లేదట. పరీక్ష అయితే నంబరు వస్తుంది. పెద్ద దవాఖానలో కరోనా వార్డు వారు రిపోర్టు లేనిదే తీసుకోరు, మామూలు వార్డు వారు ఆయాసం ఉంటే రిపోర్టు లేనిదే తీసుకోరు.

చెన్నయ్య రెండుసార్లు మంచె ఎక్కాడు. మొదటిసారి బండి వస్తుందా అని అడిగాడు. రెండోసారీ అదే అడిగాడు.

సున్నా.

6 మే, గురువారం

పొద్దుపొడవక ముందు సహరీ తినే వేళ రబియాతో చెప్పాను. ఆ గడిలో ఒక అంకె వేస్తే తెల్లవారేసరికి కిట్లూ బండ్లూ అన్నీ కదులుతాయని. అయితే పరీక్ష లేకుండా కేసు రాయడం తప్పుడు లెక్క అవుతుందని, ఇన్నేళ్లలో ఒక్క తప్పుడు లెక్క రాయలేదని, ఉద్యోగం ఏడేళ్లు మిగిలి ఉందని.

రబియా ఉర్దూలో నెమ్మదిగా అన్నది: “తప్పుడు లెక్క రాయరు, మంచిదే. ఈ పదిహేడు రోజులు ఏ పరీక్ష చేసి సున్నా రాశారు?”

ఉపవాసం మొదలయ్యే వేళ దాటిపోయింది. గ్లాసులో నీళ్లు అలాగే ఉండిపోయాయి.

సాయంత్రం నాలుగు యాభై ఎనిమిదికి ఈతచెలమ పెంట గడిలో పదిహేను అని వేశాను. ఆమె లెక్కపెట్టినవారు పద్నాలుగు. ఆమె ఒకతె. గడి పచ్చగానే ఉంది. దానికి తేడా తెలియదు.

7 మే, శుక్రవారం

ఒక్కరోజులో సున్నా నుంచి పదిహేను కావడంతో జిల్లా ఉలిక్కిపడింది. ఉదయం ఎనిమిదింటికి నాలుగు బండ్లు, రెండు వందల కిట్లు, ఒక అంబులెన్సు, ఒక పెద్ద అధికారి. ఇన్నాళ్లూ ఇవన్నీ లేవు అనుకున్నాను. ఉన్నాయి. దారి తెలిసిన వాడినని నన్నూ ఎక్కించుకున్నారు. నేను ఆ దారిన ఎన్నడూ పోలేదు. ఆరేళ్లుగా ఆ పెంట పేరు రోజూ రాస్తున్నాను, చూడలేదు. ఆ మాట పైకి అనలేదు.

గేటు దగ్గర ఆగాము. పులుల రక్షణ ఉత్తర్వు అమల్లో ఉన్నందున వైద్య శాఖ బండ్లకు ప్రత్యేక అనుమతి కావాలన్నారు. పెద్ద అధికారి ఇంకొక పెద్ద అధికారికి ఫోన్ చేశారు. వారు రాతపూర్వకంగా అడిగారు. బానెట్ మీద కాగితం పెట్టి రాసినవాడిని నేనే. విషయం, సూచిక, అన్నీ పెట్టాను. గంటా నలభై నిమిషాలు పట్టింది. ఆ సేపట్లో పెంట వాళ్లు నడిచి వస్తూనే ఉన్నారని మాకు తెలియదు.

అనుమతి వచ్చి మూడు కిలోమీటర్లు పోయామో లేదో, బాట మీద నలుగురు మంచం మోసుకొస్తూ ఎదురయ్యారు. రాత్రే బయలుదేరారట. బండ్లను చూసి మంచం దించారు. ముందు పట్టిన చెన్నయ్య భుజం ఒరుసుకుపోయి ఉంది. భాగ్యశ్రీ దిగి పోయి చెయ్యి పట్టుకొని చూసింది. తర్వాత ఆ చేతిని దుప్పటి కింద పెట్టింది. ఇంకా వెచ్చగానే ఉంది సార్ అన్నది.

వెంట వచ్చిన పరీక్షల అతను కిట్టు విప్పబోయి ఆగి, చనిపోయినవారికి చేయవచ్చునా అని పెద్ద అధికారిని అడిగాడు. బతికి ఉన్నవారికి ఉద్దేశించినవని వారు చెప్పారు. నిబంధన సరైనదే.

చెన్నయ్య నా దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. ఏడవడం లేదు.

“అందరి జరాలు ఆమె నీకు చెప్పింది సారూ. ఆమె జరం నేను చెప్పిన. ఇంకెవలికి చెప్పేది ఉండె?”



పెంటలో నూట పద్దెనిమిది మందికి పరీక్ష చేశారు. ఇరవై ముగ్గురికి ఉన్నదని తేలింది. ముగ్గురిని అదే అంబులెన్సులో తీసుకుపోయారు.

సాయంత్రం కేసుల గడిలో ఇరవై మూడు, మరణాల గడిలో ఒకటి వేశాను. పది నిమిషాలకు ప్రవీణ్ ఫోన్.

“సార్, ఆమెకు టెస్టు లేదు గద. టెస్టు లేని మరణం ఇండ్ల రాయరాదు. నేనే దిద్దిన, ఫికర్ జెయ్యకుండ్రి.”

“ఏమని దిద్దినవు?”

“ఖాళీ తీసుకోదు గద సార్,” అన్నాడు.

8 మే, శనివారం

ఏమీ రాయబుద్ధి కావడం లేదు. అయినా తేదీ వేశాను.

11 మే, మంగళవారం

మెమో వచ్చింది. ‘ఎటువంటి పరీక్షలు జరగని ఆవాసమునకు తే. 06.05.2021న పదిహేను కేసులు నిరాధారముగా నమోదు చేసి యంత్రాంగమును ఆందోళనకు గురిచేసినందుకు మీపై క్రమశిక్షణా చర్య ఏల తీసుకొనరాదో’ మూడు రోజులలో తెలుపవలెను.

డాక్టరు గారు, టైపు పొరపాటు అని రాసి ఊరుకోమని సలహా ఇచ్చారు. ఒకటి ఐదు ఎలా పడతాయి టైపు పొరపాటున అంటే, మీకు మంచి చేద్దామని చెబుతున్నాను కరీం గారూ అన్నారు. వారు మంచివారే. ఆ మాట చెప్పడానికి వరండాలోకి వచ్చి నా పక్కనే నిలబడ్డారు.

14 మే, శుక్రవారం. రంజాన్ పండుగ.

నమాజు ఇంట్లోనే. రబియా సేమియా వండింది. ఫహీం ఫోన్‌లో ముబారక్ చెప్పాడు. ఉదయం పంపిన సంజాయిషీ నకలు ఇక్కడ ఉంచుకుంటున్నాను. ఈసారి ఒకే ప్రతి రాశాను. ఏ మాటా కొట్టేయలేదు.

‘విషయం: తప్పుడు లెక్కల నమోదు – సంజాయిషీ సమర్పించుట గురించి.
సూచిక: తమరి మెమో, తే. 11.05.2021.

అయ్యా,

పరీక్ష లేకుండా ఒక అంకె నమోదు చేయుట శిక్షార్హమైన తప్పిదమని తమరు తెలిపినారు. నేను ఏకీభవించుచున్నాను. సదరు తప్పిదమును ఏప్రిల్ 19 నుండి మే 5 వరకు వరుసగా పదిహేడు రోజులు చేసియున్నాను. ఆ దినములలో ఈతచెలమ పెంటలో ఎవరినీ పరీక్షింపకయే, అక్కడ వ్యాధి లేదని పదిహేడు మార్లు ధ్రువీకరించితిని. అందుకు నా వద్ద ఏ ఆధారమూ లేదు. ఆ అంకెను చూపియే ఆ పెంటకు కిట్లు నిరాకరింపబడినవి. ఆ పదిహేడు నమోదులకు నాపై తగిన చర్య తీసుకొనవలసినదిగా కోరుచున్నాను.

మే 6 నాటి పదిహేనుకు మాత్రం ఆధారము కలదు. అందు పద్నాలుగు మందిని ఆశా కార్యకర్త గుర్వమ్మ ఇంటింటికి తిరిగి చూచి, రెండు మైళ్లు నడిచి మంచె ఎక్కి నాకు ఫోనులో తెలిపినది. పదిహేనవది ఆమె.

ప్రభుత్వ లెక్కల ప్రకారము ఆ పెంటలో కరోనా వలన మరణించినవారు ఎవరును లేరు. కావున విచారణాధికారి వారు ఆమెను స్వయముగా పిలిపించి వాంగ్మూలము తీసుకొనవచ్చునని మనవి.’